క్రీడారంగ సారథి: కారల్ హచిన్సు

ఒక విద్యను తాను నేర్చుట యొక యెత్తు. దానిని పదుగురకు నేర్పి, వారిచేతఁ గీర్తి గాంచుట వేఱొక యెత్తు. కురుక్షేత్రమున శ్రీకృష్ణుఁ డాయుధము పట్టనని మాటయిచ్చి పగ్గములు మాత్రమే పట్టెను. అయినను బాండవుల విజయమున నాతని పాలెంతయో యెఱుఁగనివారు మనలో లేరు. నేఁటి క్రీడారంగమునందును నట్టి సారథులు కలరు. పోటీవేళ వారు బంతిని విసరరు, కఱ్ఱ పట్టరు. ఎవరిని ముందు నిలుపవలెనో, ఎవరి కెప్పుడు విశ్రాంతి యీయవలెనో, ఎవరిని మందలింపవలెనో, ఎవరి నోదార్పవలెనో నిర్ణయించుటయే వారి పని. వీరికే కోచ్‌లని పేరు. అమెరికాదేశమున నొక విశ్వవిద్యాలయమునందు బాలికల జట్టునకు 38 సంవత్సరము లిట్టి సారథ్యము నెఱపి, 2022వ సంవత్సరమున విరమించిన కారల్ హచిన్సు అను నామె చరిత్రమును సోదరీమణుల కెఱిఁగింపఁ గోరి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆమె నేర్పిన యాటకు సాఫ్టుబాల్ అని పేరు. 1887వ సంవత్సరమునఁ జికాగో నగరమున నొక సంఘభవనములో, చలికాలమున గదిలోపల నాడుకొనుటకై దీనిని గల్పించిరి. ముష్టియుద్ధమునకు ధరించు తోలుతొడుగే మొదటినాఁటి బంతి యందురు. పేరులో మెత్తదన మున్నను నేఁటి బంతి మెత్తనిది గాదు. దాని చుట్టుకొలత 12 అంగుళములు. జట్టునకుఁ దొమ్మండుగురు. కళాశాలల పోటీలలో బంతి విసరునామె 43 అడుగుల దూరమున నిలిచి, చేతిని జక్రమువలెఁ ద్రిప్పి క్రిందినుండి విసరును. ఎదుటి జట్టులోని యామె దానిని గఱ్ఱతోఁ గొట్టి, 60 అడుగుల కొక్కటిగా నున్న నాలుగు గుఱుతులను జుట్టివచ్చినచో నొక పరుగు. ఇట్లు ఏడు వంతు లాడుదురు. అప్పటికిని సమానముగా నున్నచో వంతులు పెరుగును.

హచిన్సు 1957వ సంవత్సరమున మిషిగన్ రాష్ట్రమందలి లాన్సింగు పట్టణమున జన్మించెను. ఆ పట్టణము చెంతనే యున్న మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమునఁ జదువుచు బాస్కెట్‌బాల్, సాఫ్టుబాల్ అను రెండాటలయందును బాటుపడెను. 1976వ సంవత్సరమున ఆ విశ్వవిద్యాలయపు సాఫ్టుబాల్ జట్టు దేశమందలి కళాశాలలలోఁ బ్రథమస్థానమును బడయఁగా, ఆమెయు నందొక క్రీడాకారిణియై యుండెను. నాఁడు స్త్రీల కళాశాలాక్రీడలను నడపుచుండినది స్త్రీలే యేర్పఱచుకొనిన యొక సంఘము. ధనము తక్కువ, ఆదరము తక్కువ. ఉత్సాహము మాత్రము కొఱఁత లేదు.

1972వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వము టైటిల్ నైన్ అను శాసనమును జేసెను. ప్రభుత్వ ధనసహాయము పొందు విద్యాలయములలో స్త్రీ యనియుఁ బురుషుఁ డనియు భేదము చూపి యెవ్వరిని దూరముంచరాదనుట దాని తాత్పర్యము. శాసనము పుస్తకములోనికి వచ్చినంత వేగముగా నాచరణలోనికి వచ్చునా? పురుషుల జట్టు ప్రయాణమైనపు డిచ్చు బత్తెము వేఱు, స్త్రీల జట్టున కిచ్చునది వేఱు. బసలయందును నట్టి తారతమ్యమే. 1979వ సంవత్సరమున మిషిగన్ స్టేట్ బాస్కెట్‌బాల్ జట్టులోని యువతులు దీనిని సహింపక న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. ఆ జట్టునకు నాయకురాలు హచిన్సు. వ్యాజ్యమునకుఁ దగిలినదియు నామె పేరే. 1984వ సంవత్సరమునను అది న్యాయస్థానమున నలుగుచునే యుండెను. అప్పటికామె యా విశ్వవిద్యాలయమును విడిచి యైదేండ్లయ్యెను. తనకు ఫలము దక్కునను నాశతోఁ గాక, వెనుక వచ్చు బాలికల కొఱకు వేసిన వ్యాజ్య మది యని మనము గ్రహింపవలెను.

చదువు ముగిసిన పిమ్మట ఇండియానా విశ్వవిద్యాలయమున 1981లోఁ బైపట్టము పొంది, 1982లో ఫెర్రిస్ స్టేట్ అను కళాశాలలో నొక యేఁడు శిక్షణమిచ్చెను. తరువాత యాన్ ఆర్బరు నగరమందలి మిషిగన్ విశ్వవిద్యాలయమునఁ జేరి రెండేండ్లు సహాయురాలుగా నుండి, 1985వ సంవత్సరమునఁ బ్రధాన శిక్షకురా లయ్యెను. అప్పటి కామె వయస్సు ఇరువదియెనిమిదేండ్లైన నిండలేదు.

ప్రధాన శిక్షకురాలి పని ఆటస్థలముతో ముగియునది గాదు. ఉన్నతపాఠశాలలలో నాడు బాలికలను జూచి, వారిలోఁ దగినవారి నేఱి, తలిదండ్రులతో మాటలాడి తన కళాశాలకుఁ దెచ్చుకొనవలెను. ఇలు విడిచి తొలిసారి దూరదేశము వచ్చిన పదునెనిమిదేండ్ల పిల్లకు తల్లి లేని కొఱఁతయుఁ దీర్పవలెను. వారు పాఠములు చదువుచున్నారో లేదో కనిపెట్టవలెను. నాలుగేండ్లు కష్టపడి తీర్చిదిద్దిన పిల్ల పట్టము పుచ్చుకొని వెడలిపోఁగా, మరల నొక క్రొత్తపిల్లతో మొదటినుండి యారంభింపవలెను. ఏఁటేఁట కూఁతు నత్తవారింటికంపు తల్లివంటి దీ యుద్యోగము.

దీనికిఁ దోడు మిషిగన్ మంచుదేశము. పోటీల కాలము ఫిబ్రవరిలో నారంభమగును. అప్పు డచ్చట నేలయెల్ల మంచుతోఁ గప్పఁబడి యుండును. జట్టు పైకప్పుగల శాలలలో సాధనముచేసి, మొదటి వారములలో దక్షిణ పశ్చిమ ప్రాంతములకుఁ బోయి పరులయూళ్లలోనే పోటీ చేయవలెను. కాలిఫోర్నియా, అరిజోనా రాష్ట్రముల బాలికలకో, సంవత్సరమంతయు నెండయే. కావుననే ఆ ప్రాంతపు కళాశాలలే యేఁటేఁట నగ్రస్థానము నందుచుండెను. చలిదేశపు జట్టు వారిని గెలువలేదని లోకము తలంచుచుండెను.

ప్రతివర్షము దేశమందలి యెనిమిది జట్లు మాత్రమే ఓక్లహోమా నగరమున జరుగు తుదిపోటీలకు వెళ్లును. హచిన్సు జట్టు అచ్చటికిఁ బోవుటకే పదేండ్లు పట్టెను. 1995లో మొదటిసారి పోయెను. 2004 వఱకు ఏడుమాఱులు పోయి యేడుమాఱులును గిరీటము లేకయే తిరిగివచ్చెను. ఎనిమిదవమాఱు 2005లో ఎదురైనవారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలీస్ శాఖవారు. అంతకుముందు రెండేండ్లును వారే విజేతలు. మూఁడాటలలో రెండు గెలిచినవారికి జయము. తొలియాట మిషిగన్ వారోడిరి, రెండవది గెలిచిరి. మూఁడవది ఏడువంతులకును దేలక పదవ వంతునకుఁ బోయెను. అప్పుడు సమంతా ఫిండ్లే యను ప్రథమవర్ష విద్యార్థిని బంతిని ఆవరణ దాఁటఁ గొట్టి మూఁడు పరుగులు తెచ్చిపెట్టెను. 4 పరుగుల కొకటిగా మిషిగన్ గెలిచెను. మిసిసిపీ నదికిఁ దూర్పున నున్న యే కళాశాలయు నంతకుముందు ఎన్.సి.ఏ.ఏ. సంస్థవారి యీ బిరుదమును బడసి యుండలేదు. 2015లో మరల తుదియాట చేరిరి గాని, ఫ్లోరిడా వారిచే నోడిరి.

2016లో ఆమె, మార్జీ రైట్ అను మఱియొక స్త్రీ సాధించిన 1,457 విజయముల లెక్కను దాఁటెను. 2022 ఆగస్టులో విరమించునాఁటికి హచిన్సు జట్ల విజయములు 1,707, అపజయములు 551, సమానములు 5. మిషిగన్‌లోని 38 వర్షములలో గెలుపులకన్న నోటములు మిక్కిలియైన వర్ష మొక్కటియు లేదు. ఆమె స్థానమును బొందినది బానీ థాల్. ఆమె హచిన్సుకడనే యాడి, 1994 మొదలు ఆమెకే సహాయురాలుగా నుండినది. విద్య గురువునుండి శిష్యురాలికి, స్త్రీనుండి స్త్రీకి నందినది.

ఇది మనము విశేషించి గమనింపఁదగిన విషయము. ఏలయన, 1972వ సంవత్సరమున అమెరికా కళాశాలలలో స్త్రీల జట్లకు శిక్షకులుగా నున్నవారిలో నూటికిఁ దొంబదిమందికిఁ బైగా స్త్రీలే. 2014 నాఁటి లెక్కలో వారి సంఖ్య నూటికి నలువదిమూఁడు. టైటిల్ నైన్ బాలికలకు మైదానపు తలుపులు తెఱచినది; ఆ తలుపునుండియే శిక్షకుల యుద్యోగములకుఁ బురుషులు ప్రవేశించిరి. జీతము లేనినాఁడు స్త్రీలకు విడిచిన పని, జీతము కలిగినంతనే పురుషులకుఁ బ్రియమయ్యెను. ఉద్యోగము లిచ్చు నధికారులును బురుషులే యగుటచే వారికి వీలు మిక్కిలియయ్యెను.

మన కిది యెఱుఁగని కథ కాదు. ఇంట జన్మమంతయు వండునది స్త్రీ. పెండ్లిపందిటఁ గూలియిచ్చి వండించునపుడు గాడిపొయ్యికడ నిలుచువాఁడు పురుషుఁడు. పురుషులకు శిక్షణమీయ రాదని గాని, వారీయరాదని గాని నా వాదము గాదు. బాలికలాడునాట నెఱిఁగిన స్త్రీ, దానిని నేర్పు జీతమునకు మాత్రము తగదా యనుటయే నా ప్రశ్న. హచిన్సు పలుమాఱు బహిరంగముగా నడుగుచు వచ్చినదియు నిదియే. ఎదుట నిలిచి నేర్పు స్త్రీని జూడని పిల్ల, తానును నేర్పఁగలనని యెట్లు తలంచును?

నేఁడు మన తెలుగు పాఠశాలలయందును బాలికలు సాఫ్టుబాల్ ఆడుచున్నారు. ఈడు వచ్చినదని పిల్లను మైదానమునుండి యింటికిఁ బిలుచు తల్లులును గలరు. పిల్ల యాడుటవలన నేమి లాభమని యడుగువారికి, ఆట యొక బ్రదుకుతెరువై, గౌరవమై, వెనుకటి తరమున కాశ్రయమై నిలుచునని యీ చరిత్రము సమాధానము చెప్పుచున్నది. కావున సోదరీమణులారా, ఈ మాఱు మీ యమ్మాయి పాఠశాలకుఁ బోయినపుడు పరీక్షల మార్కులతోఁబాటు, ఆటలు నేర్పువా రెవరనియు, నందు స్త్రీ లెంద ఱనియు నడుగుఁడు. ఒక్కరైనను లేరని చెప్పినచో, ఏల లేరని మరల నడుగుఁడు.