డొంక మార్చే కాగితం ఎట్లు వ్రాయవలెను?



వరి కోతకు వచ్చినది. కోతయంత్రం ఊరి చివర ఆగిపోయినది. నిన్నటిదాకా బండ్లు నడిచిన డొంకకు అడ్డంగా గట్టు వేసినారు. అడిగితే, "మార్చుకున్నాం గదా, కాగితం ఉన్నది" అంటారు. కాగితంలో ఉన్నది ఒక్క వాక్యం: "పాత డొంక మూసి, ఉత్తరపు గట్టు వెంట కొత్త బాట ఇవ్వడమైనది." ఎవరి గట్టు? ఎంత వెడల్పు? ఎప్పటి నుండి? ఒక్కటీ తెలియదు. ఇట్టి చిక్కు మీ గ్రామంలో రాకుండవలెనంటే, బాట మార్చుటకు ముందే కాగితం సరిగా వ్రాయించుకొనవలెను.

మొదట ఆ బాట ఎవరిదో చూడండి. ఎఫ్.ఎం.బి. పటంలోను, రెవెన్యూ లెక్కలలోను డొంక పోరంబోకుగా ఉంటే అది ఊరందరిది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం గ్రామంలోని ప్రజా బాటలను పంచాయతీకి అప్పగించినది. అయినను తీర్మానం ఒక్కటి చాలదు. పోరంబోకు వర్గం మార్చుటకు రెవెన్యూ శాఖ ఉత్తర్వు కావలెను.

బాట పట్టా భూమిలో ఉంటే సంగతి వేరు. 1882 ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 ఏండ్లు బహిరంగంగా, హక్కుగా, ఎడతెగక నడిచిన బాటకు హక్కు ఏర్పడును. భూమి గలవారు దానిని తమంతట తాము మూయరాదు. నడిచేవారు కూడా తమ ఇష్టం వచ్చినట్లు దారి మళ్లించరాదు. ఇరువురూ ఒప్పుకొని, పత్రం వ్రాసుకొని, రిజిస్టరు చేయించుకొనుట మేలు.

ఏ బాటకైనను కాగితంలో ఈ సంగతులు ఉండవలెను:

1. పాత బాట, కొత్త బాట పోయే సర్వే నంబర్లు. రీసర్వే జరిగిన గ్రామాలలో కొత్త నంబర్లు కూడా.

2. ప్రతి బాట మొదలు, చివర. చెట్టును గుర్తుగా వ్రాయవద్దు, చెట్టు పడిపోవచ్చును. సర్వే రాయి నుండి కొలత వ్రాయండి.

3. వెడల్పు ఆసాంతం ఎంత ఉండవలెనో అంకెలలో. గొలుసు 100 లింకులు, అనగా 66 అడుగులు. ఎడ్లబండికి చాలిన వెడల్పు కోతయంత్రానికి చాలదని మరువకండి.

4. నడిచేది మనుషులా, పశువులా, బండ్లా, యంత్రాలా.

5. కాలువ దాటేచోట తూము ఎవరు వేయవలెను, మరమ్మతు ఎవరిది.

6. సర్వేయరు సంతకంతో పటం.

7. అన్నిటికన్న ముఖ్యం: "కొత్త బాట పూర్తయి, బండి నడిచినట్లు తనిఖీ చేసిన తరువాతనే పాత బాట మూయవలెను" అనే షరతు.

గ్రామోద్యోగులకు ఒక మాట. చిత్తు ప్రతిని గ్రామసభలో చదివి వినిపించండి. బాట చివరనున్న చిన్న రైతును, కౌలుదారును పిలిచి అడగండి. దారి పోతే ముందుగా నష్టపడేది వారే. ఉత్తర్వు వచ్చిన తరువాత పటంలోను, లెక్కలలోను మార్పు ఎక్కినదో లేదో చూడండి.

ఉత్తర్వు లేకుండ ఎవరైనా ప్రజా బాటకు అడ్డు వేస్తే గట్టు మీద కలహం వద్దు. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను క్రింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకొనవచ్చును.

చివరకు ఒక పరీక్ష చేయండి. మీ ఊరు ఎరుగని మనిషి చేతికి కాగితమిచ్చి పంపండి. ఎవరినీ అడగకుండ బాట ఈ కొస నుండి ఆ కొసకు నడిచిపోగలిగితే, అప్పుడు సంతకాలు పెట్టండి.