బస్సు రాని రోజు

సిటీ బస్సు గురించి మంచిమాట చెప్పేవాళ్లు తక్కువ. వేళకు రాదనీ, వచ్చినా కాలు పెట్టే సందుండదనీ, స్టాపు దాటించి ఎక్కడో ఆపుతారనీ విసుక్కునేవాళ్లే ఎక్కువ. కానీ దాని విలువ తెలిసేది అది వచ్చినప్పుడు కాదు... రానప్పుడు!

హైదరాబాద్‌కు ఆ సంగతి 2020లో బాగా తెలిసొచ్చింది. మార్చిలో లాక్‌డౌన్‌తో సిటీ బస్సులన్నీ డిపోలకు చేరాయి. మే నెలలో జిల్లాల బస్సులు తిరగడం మొదలైంది. సెప్టెంబరు 7న మెట్రో రైలు మళ్లీ కదిలింది. సిటీ బస్సు మాత్రం సెప్టెంబరు 25 దాకా రోడ్డెక్కలేదు. ఎంఎంటీఎస్ రైలు కోసమైతే 2021 జూన్ వరకూ ఆగాల్సి వచ్చింది. ఈలోగా దుకాణాలు తెరిచారు, ఆఫీసులు తెరిచారు. పనికి రమ్మని కబుర్లూ వచ్చాయి. వెళ్లడమెలా? సొంత బండి ఉన్నవాళ్లు బయల్దేరారు. లేనివాళ్లకు మిగిలింది ఆటో. నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషి రోజూ రానూపోనూ ఆటోకి పెడితే నెలాఖరుకు చేతిలో మిగిలేదెంత? అందుకే బస్సు తిరగడమంటే చాలామందికి పని ఉండటమే!

27 బస్సులతో మొదలై...

ఈ నగరంలో ప్రభుత్వ బస్సుది తొంభై ఏళ్లు దాటిన చరిత్ర. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరే ఆర్టీసీ వచ్చింది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైళ్లు, 2017 నవంబరు 28న నాగోలు నుంచి మియాపూర్ దాకా మెట్రో తోడయ్యాయి. 2020 ఫిబ్రవరికి మెట్రో దారి మొత్తం 69 కిలోమీటర్లయింది.

ఇంతలో ఊరు కూడా సాగిపోయింది. ఉద్యోగాలు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు పెరిగాయి. అక్కడ అద్దెలు అందుకోలేనివాళ్లు ఉప్పల్, ఎల్బీనగర్, ఫలక్‌నుమా వైపు ఉండిపోయారు. ఇల్లొక కొస, పని ఇంకో కొస! కోఠి నుంచి కొండాపూర్‌కు 127కె, సికింద్రాబాద్ నుంచి కొండాపూర్‌కు 10హెచ్... కొత్తవాళ్లకు ఇవి ఉత్త నంబర్లు. రోజూ ఎక్కేవాళ్లకు అవి ఇంటద్దెను, జీతాన్ని కలిపే దారాలు. బస్సుందన్న ధైర్యంతోనే మధ్యతరగతి ఇల్లు దూరంగా చూసుకుంటుంది. మంచి కాలేజీలో సీటొస్తే ఎంత దూరమైనా పిల్లకు పాస్ తీయించి పంపుతుంది. అదే బస్సు లేకపోతే? ‘పక్క వీధి కాలేజీలో చేరమ్మా’ అంటుంది. బస్సు రూటు ఎక్కడ ఆగితే, కొన్ని ఇళ్లలో ఆడపిల్ల చదువూ అక్కడే ఆగుతుంది.

జీరో టికెట్ లెక్క

2023 డిసెంబరు 9న తెలంగాణలో ‘మహాలక్ష్మి’ పథకం మొదలైంది. నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలు గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు ‘జీరో టికెట్’ ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీశక్తి’ పేరుతో ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చింది. ఛార్జీ మిగలడం ఒక్కటే కాదు ఇందులో లాభం. అమ్మను చూడ్డానికో, ఆసుపత్రికో వెళ్లాలంటే ఇంట్లో ఎవరినీ డబ్బులడగక్కర్లేదు. ఆ ‘అడగక్కర్లేకపోవడం’ విలువ ఏ టికెట్ మీదా అచ్చు కాదు.

అయితే టికెట్ సున్నా అయినంత మాత్రాన ఎదురుచూపు సున్నా కాదు. జనం పెరిగినంతగా బస్సులు పెరగకపోతే ఉచితం కాస్తా ఉక్కపోతవుతుంది. డబ్బిచ్చి టికెట్ కొన్నవాళ్లు నిలబడి సణుగుతారు. నీడలేని స్టాపులో బాలింత, ఎత్తు మెట్టెక్కలేక పెద్దాయన ఇబ్బంది పడతారు. మెట్రో చల్లగా, వేళకు తీసుకెళ్తుంది నిజమే. స్టేషన్ దిగాక ఇంటిదాకా మళ్లీ ఆటో బేరం తప్పదు. ఈ ఫిర్యాదులన్నీ న్యాయమైనవే. బస్సు అక్కర్లేదని ఎవరూ అనడం లేదు. ఇంకొన్ని కావాలంటున్నారు, అంతే!

ఎక్కనివాళ్లకూ లాభమే

‘మాకు కారుంది, బస్సుతో మాకేం పని?’ అనుకునేవాళ్లు ఓ చిన్న లెక్క వేసుకోవచ్చు. కిక్కిరిసిన ఒక్క బస్సులోంచి అరవైమంది దిగిపోయి, తలా ఒక బండి తీస్తే? ఇద్దరు చొప్పున ఎక్కినా ముప్ఫై బండ్లు. అలాంటి పది బస్సులు ఆగితే సిగ్నల్ దగ్గర మూడొందల బండ్లు అదనం! పంజాగుట్ట దగ్గర ఈమాత్రమైనా కదులుతున్నామంటే, ముందున్న బస్సు తన కడుపులో అంతమందిని సర్దుకుంది కాబట్టే. ఆ పొగ, పెట్రోలు ఖర్చు, పార్కింగ్ తగాదా తగ్గడం కారున్నవాళ్లకూ కలిసొచ్చేదే.

రాత్రి తొమ్మిదిన్నరకు కోఠి వైపు వెళ్తే ఇదంతా కళ్లారా కనిపిస్తుంది. సుల్తాన్‌బజార్ బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి చీరలు పరిచిన అమ్మాయిలు స్టాపులో గుంపుగా నిలబడి ఉంటారు. కళ్లన్నీ మలుపు మీదే. దూరంగా నంబరు బోర్డు కనపడగానే సంచులు సర్దుకుని ముందుకు ఉరుకుతారు. లోపల కాలు ఆనిందో లేదో, ఓ చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో ఫోన్ తీస్తారు.

‘‘అమ్మా, బస్సెక్కినా...’’

అవతల ఇంట్లో అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ తల్లి లోపలికెళ్లి పొయ్యి మీద అన్నం పెడుతుంది.