తలకు దెబ్బ తగిలిన పిల్లలు మళ్లీ బడికి.. గాయం మానినా చదువులో ఎందుకు వెనకబడతారు? ఇంట్లో, స్కూల్లో ఏం చేయాలి?

కుట్లు తీసేశారు. పిల్లాడు నడుస్తున్నాడు, అన్నం తింటున్నాడు. ఇక అంతా సరిపోయిందని ఇంట్లో అనుకుంటారు. కానీ బడికి వెళ్లిన వారానికే ఫిర్యాదులు మొదలు.. నోట్స్ రాయడం లేదు, చెప్పింది మర్చిపోతున్నాడు, చిన్న మాటకే కోపం!

బెంగళూరు హైవే, అవుటర్ రింగ్ రోడ్డు, పగలూ రాత్రీ ఎయిర్‌పోర్టుకు తిరిగే క్యాబ్‌లు.. ఇన్ని వాహనాల మధ్య ఉండే శంషాబాద్ తల్లిదండ్రులు, టీచర్లు ఈ విషయం తప్పక తెలుసుకోవాలి. రోడ్డు ప్రమాదంలోనైనా, మేడ మీద నుంచి పడినా, పుర్రె లోపల మెదడు దెబ్బతినడాన్నే డాక్టర్లు ట్రామాటిక్ బ్రెయిన్ ఇంజురీ అంటారు.

స్కానింగ్ నార్మల్ అంటే అంతా బాగున్నట్టేనా?

కాదు. సీటీ స్కాన్‌లో రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి కనిపిస్తాయి. జ్ఞాపకం, ఏకాగ్రత ఎలా ఉన్నాయో అందులో తెలియదు. పైగా పాత ఎక్కాలు గడగడా చెప్పే పిల్లాడికే నిన్నటి పాఠం గుర్తుండకపోవచ్చు. అందుకే చాలామంది దీన్ని బద్ధకం, మొండితనం అనుకుంటారు. నిజానికి కొత్త విషయాన్ని పట్టుకునే శక్తి తగ్గింది. త్వరగా అలసిపోవడం, తలనొప్పి, వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం కూడా ఉంటాయి.

ఇంకో సంగతి. చిన్నప్పుడు తగిలిన దెబ్బ ప్రభావం ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. సొంతంగా ప్లాన్ చేసుకుని చదవాల్సిన హైస్కూల్ వయసులో ఇబ్బంది మొదలవుతుంది. కాబట్టి స్కూల్ మారినా పాత దెబ్బ సంగతి కొత్త టీచర్లకు చెప్పాలి.

ఇంట్లో ఏం చేయాలి?

- నిద్ర, తిండి, చదువు రోజూ ఒకే టైమ్‌కి ఉండాలి.
- ఒకేసారి నాలుగు పనులు చెప్పొద్దు. ఒకటి అయ్యాక ఇంకొకటి చెప్పండి.
- చేయాల్సినవి రాసి గోడకు అంటించండి.
- టీవీ, ఫోన్ తగ్గించండి.
- కోపం వచ్చినప్పుడు కొట్టొద్దు, తిట్టొద్దు. చప్పుడు లేని చోట కూర్చోబెట్టండి.
- డాక్టర్ సరే అనే వరకు సైకిల్, క్రికెట్, కబడ్డీ వద్దు. మానకముందే మళ్లీ దెబ్బ తగిలితే చాలా ప్రమాదం.
- బైక్ ఎక్కితే హెల్మెట్ ఉండాల్సిందే. నాలుగేళ్లు దాటిన పిల్లలకు చట్టం ప్రకారం తప్పనిసరి.

స్కూల్లో ఏం చేయాలి?

- డాక్టర్ సలహాతో మొదట ఒంటిపూట పంపి, మెల్లగా టైమ్ పెంచాలి.
- రోడ్డు వైపు కిటికీ పక్కన కాకుండా ముందు బెంచీలో కూర్చోబెట్టాలి. లారీల హారన్లు, విమానాల మోత ఈ పిల్లలను త్వరగా అలసిపోయేలా చేస్తాయి.
- మధ్యమధ్యలో పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి.
- హోంవర్క్ తగ్గించి, పరీక్షకు ఎక్కువ టైమ్ ఇవ్వాలి.
- బోర్డు మీది నోట్స్ కాపీ ఇవ్వాలి.

తల్లిదండ్రులు డిశ్చార్జ్ సమ్మరీతో పాటు, పిల్లాడికి ఏం కష్టమవుతోందో ఒక పేజీలో రాసి హెడ్‌మాస్టర్‌కు ఇవ్వడం మంచిది. క్లాస్ టీచర్, పీఈటీ ఇద్దరికీ ఆ సంగతి తెలియాలి.

ప్రభుత్వం నుంచి ఏం సాయం ఉంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో మెదడు గాయం పేరు విడిగా లేదు. కానీ దానివల్ల నడక, మాట, తెలివితేటలపై పడిన ప్రభావాన్ని వైకల్య నిర్ధారణ పరీక్షలో చూస్తారు. 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూళ్లు కూడా పిల్లల అవసరాన్ని బట్టి సౌకర్యాలు కల్పించాలి.

సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక టీచర్లు ఉంటారు. మీ మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో మేధోపరమైన ఇబ్బందులను పరీక్షించి, శిక్షణ ఇస్తారు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

తలకు దెబ్బ తగిలాక పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, ఫిట్స్, లేపినా లేవకపోవడం, చెయ్యి కాలు బలహీనపడటం, చెవి ముక్కు నుంచి నీళ్లు కారడం.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.