‘జ్ఞా’ను జూచి మూర్ఛిల్లిన యంత్రము

కోకాపేటలో ఆకాశమంటు మేడలు లేచుచున్న చోట, తాపీపనివారును సాఫ్ట్‌వేరు ఉద్యోగులును ఒక్క చాయబండి యొద్దనే నిలిచి చాయ త్రాగుచుందురు. బండిమీద ఒక చిన్న మాటలపెట్టె యుండును. కొనినవాడు సెల్‌ఫోనుతో క్యూఆర్ కోడును స్కాను చేసి పైకము పంపగానే, ఇన్ని రూపాయలు ముట్టినవని ఆ పెట్టె బిగ్గరగా తెలుగున జెప్పును. ఎవరును తలయెత్తి చూడరు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయిన దినములలో ఇట్టి వర్తకునితో పైకము ఫోనులో పంపితినని చెప్పినచో, కంటికి కనబడని రూపాయి నాకేల యని యుండును. యూపీఐ పద్ధతిని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌వారు ప్రవేశపెట్టినది ఆ సంవత్సరముననే. దానియందు నమ్మకము కుదురుటకు ప్రకటనలకంటె ఈ మాటలపెట్టెయే ఎక్కువ తోడ్పడినదని మా యభిప్రాయము. చేతులు పనిలో నుండగా మాటిమాటికి ఫోను తీసి చూచుట వర్తకునికి సాధ్యము కాదు. బూటకపు రసీదు చూపి జారుకొనువానిని పట్టుటయు సాధ్యము కాదు. 2024లో ఫోన్‌పే వారు తమ పెట్టెలకు మహేశ్ బాబు కంఠమునే అమర్చిరి.

లాభము కనబడినచో యంత్రము తెలుగు నేర్చుకొనును. తెలుగును ఏమరినచో ఏమగునో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచినది.

ఆ నెల రెండవ వారమున ఒక వింత బయటపడెను. ఆపిల్ కంపెనీవారి ఐఫోనునకు ‘జ్ఞా’ అను ఒక్క తెలుగక్షరము, ఒక విధమైన కూర్పుతో, సందేశముగా వచ్చినచో, దానిని తెరపై చూపబోయిన అప్లికేషను తక్షణమే మూతపడును. మరల తెరచిన మరల మూతపడును. వాట్సాప్‌నకు అదే గతి, ట్విట్టరునకు అదే గతి. ఆ యక్షరము నోటిఫికేషనుగా తెరమీదికి వచ్చినప్పుడు కొన్ని ఫోనులు మొత్తముగా ఆగి, తమంతట తాము మరల మరల మొదలగుచు, వాడుకకు రాకుండబోయినవి. ఆ కంపెనీ కంప్యూటరులును ఈ జాడ్యమునకు లోనైనవి. వేలకొలది రూపాయలు పోసి కొన్న యంత్రము జ్ఞానమను మాటలోని మొదటి యక్షరమును జూచి మూర్ఛిల్లుట కంటె చోద్య మేమున్నది?

కొంటెవారు కొందరు ట్విట్టరులో తమ పేరు ప్రక్కన ఈ యక్షరమును తగిలించుకొని తిరిగిరి. స్నేహితుల ఫోనులకు పంపి వినోదించిరి. విదేశపత్రికలు కొన్ని దీనిని ఏదో యొక భారతీయ చిహ్నమని వ్రాసినవి. మనవారిలో కోపించినవారికంటె నవ్వుకొన్నవారే యెక్కువ. తెలుగుదెబ్బ యెట్టిదో చూచితిరా యని మీసము దువ్వినవారును గలరు. మేమును నవ్వితిమి, దాచనేల?

అయినను పాపము అక్షరముది కాదు. జకారము క్రింద ఞకారము వత్తుగా చేరి, దీర్ఘము తగిలి ‘జ్ఞా’ యగుచున్నది. యూనికోడు పద్ధతిలో ఈ భాగములు వేర్వేరు సంఖ్యలుగా వరుసలో నిలుచును. వానిని అతికి ఒక్క రూపముగా తెరపై దీర్చుట ఫోనులోని సాఫ్ట్‌వేరు పని. అక్షరములను కలియనీయక విడదీయుటకై కంటికి కనబడని సంజ్ఞ యొకటి గలదు. అది వత్తునకును దీర్ఘమునకును నడుమ చొచ్చినప్పుడు ఆ యతుకు లెక్క తప్పి, అప్లికేషను కుప్పగూలినది. మనము నిత్యము వ్రాయు జ్ఞానము, జ్ఞాపకము, విజ్ఞానము అను మాటలలో ఆ సంజ్ఞ యుండదు గావున అవి ఏ హానియు చేయలేదు. వంగ, దేవనాగరి లిపులలోని ఇట్టి కూర్పులును ఇదే పని చేసినవని తరువాత నిపుణులు చూపిరి. అరబ్బీ యక్షరములు గల సందేశ మొకటి 2015లోనే ఐఫోనులను ఇట్లు పడవేసి యుండెను.

ఆపిల్‌వారు ఫిబ్రవరి 19న మరమ్మతు పంపిరి. వారము దినములలో రోగము కుదిర్చినందులకు వారిని మెచ్చవలసినదే. మమ్ము కలతపెట్టునది వేరొక సంగతి. 2011 జనాభా లెక్కలనుబట్టి ఈ దేశమున తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు పైబడి యున్నారు. ఆ కంపెనీయే 2016 మే నెలలో, కోకాపేటకు కొలది మైళ్ల దూరమున నున్న నానక్‌రామ్‌గూడలో, పటముల పనికై ఆఫీసు తెరచినది. అధిపతి టిమ్ కుక్ స్వయముగా హైదరాబాదునకు వచ్చెను. చుట్టుప్రక్కల ఆఫీసులలో తెలుగుబిడ్డలు వేలకొలదిగా పనిచేయుచున్నారు. ఇంతటి తెలివి చేరువనే యుండగా, తెలుగు లిపిలోని లోపము కొన్నవారి చేతికి చేరువరకు పట్టువడకుండుట ఏమి? చూడగల కన్నులు కలవు. చూడుమని అడుగువారే కరవు.

అడుగవలసినవారము మనమును కామా? భూస్వామి తన కౌలుదారునకు, తండ్రి పట్టణమున నున్న కుమారునకు పంపు సందేశములు ఏ లిపిలో నుండునో పాఠకులు తమ ఫోను తీసి చూచుకొందురు గాక. తెలుగుమాట ఇంగ్లీషు అక్షరములలో ఉండును. కళ్లు నొప్పులని తల్లి వ్రాసినచో కాళ్లని కుమారుడు చదువును. కల్లని చదివినచో ఇక చెప్పనేల! యూనికోడులో తెలుగునకు 1991నుండియే స్థానము గలదు. సురవరము, గురజాడ, గిడుగు పేర్లతో చక్కని ఫాంటులు ఉచితముగా లభించుచున్నవి. మనము వాడని లిపిని పరదేశపు కంపెనీ శ్రద్ధతో పరీక్షించునని ఆశించుట వెఱ్ఱి.

పెద్దల రుచియు ఇట్లే యున్నది. 2023 ఆగస్టు 3న హైదరాబాదు మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ అథారిటీవారు కోకాపేటలో వేలము వేసినప్పుడు ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయల వరకు పలికినది. ఆ లేఅవుటు పేరు నియోపోలిస్. గ్రీకుభాషలో క్రొత్తపురమని యర్థము. కొత్తపేట యనినచో ధర తగ్గునని తలచిరి కాబోలు.

రెండు ప్రభుత్వములును తాము కొను ప్రతి సాఫ్ట్‌వేరునకు, ప్రతి యంత్రమునకు తెలుగు లిపి పరీక్షను నియమముగా విధింపవలెను. సంయుక్తాక్షరములు, వత్తులు, అరసున్నలతో సహా అన్నియు తెరపై సరిగా నిలిచినగాని బిల్లు చెల్లింపరాదు. ఖర్చు స్వల్పము, పరీక్షించు పిల్లలు గచ్చిబౌలిలోనే దొరకుదురు.

2018లో మరమ్మతు వచ్చిన రెండు దినములకే, ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినము వచ్చెను. నాటికి ‘జ్ఞా’ను ఎవరైనను నిర్భయముగా పంపవచ్చును. మాకు అందిన శుభాకాంక్షలలో పెక్కు ఇంగ్లీషు అక్షరములలోనే యుండెను.