తీవ్ర ఇన్ఫెక్షన్‌లో బీపీ నిలకడ తప్పితే

బీపీ అనగానే మనకు పెరగడమే గుర్తొస్తుంది. చౌటుప్పల్‌లో ఏ మెడికల్ షాపు దగ్గర నిలబడినా బీపీ మాత్రలు కొనే పెద్దలు కనిపిస్తారు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు మాత్రం భయపడవలసింది బీపీ పడిపోవడం గురించి, అంతకుముందే అది నిలకడ తప్పడం గురించి.

షుగర్ ఉన్నవారి కాలి పుండు, న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాన్పు తర్వాత వచ్చే జ్వరం, ఏదైనా ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితిని సెప్సిస్ అంటారు. 2017లో ప్రపంచంలో సుమారు 1.1 కోట్ల మంది దీనితో చనిపోయారని అంచనా.

అప్పుడు రక్తనాళాలు వదులవుతాయి. వాటి గోడల నుంచి నీరు బయటికి ఊరుతుంది. గుండె వేగం పెంచి కాసేపు నెట్టుకొస్తుంది. అందుకే ఇప్పుడు 120 ఉన్న పై అంకె గంటకు 90 కావచ్చు. సెలైన్ ఎక్కిస్తే లేస్తుంది, మళ్లీ జారుతుంది. ఒక్కసారి చూసి "బీపీ బాగానే ఉంది" అని ఇంటికి తిరిగి రావడంలో ప్రమాదం ఇదే.

బడిలో సగటు లెక్క చెప్పే మాకు ఇందులో ఒక విషయం నచ్చింది. కింది అంకెను రెండింతలు చేసి, పై అంకె కలిపి, మూడుతో భాగిస్తే సగటు పీడనం వస్తుంది. 90/60కి అది 70. 100/40కి 60 మాత్రమే! పై అంకె పెద్దదైనా రెండోదే ప్రమాదకరం. వైద్యులు దీన్ని కనీసం 65 దగ్గర నిలపాలని చూస్తారు. అంతకు దిగువన ఎంతసేపు ఉంటే కిడ్నీలకు అంత ముప్పు. ఐసీయూలో మణికట్టు ధమనిలో సన్నని గొట్టం పెట్టి క్షణక్షణం చూసేది ఇందుకే. నార్‌అడ్రినలిన్ మందు సిరంజి మార్చే కాస్త వ్యవధిలోనే బీపీ ఊగిపోవచ్చు.

ఏళ్లుగా అధిక బీపీ ఉన్నవారి సంగతి వేరు. 2014లో వెలువడిన ఫ్రాన్సు పరిశోధనలో, అలాంటివారికి సగటును 80–85 దగ్గర ఉంచితే డయాలసిస్ అవసరం తగ్గింది. మరణాలు మాత్రం తగ్గలేదు.

జ్వరంతో పాటు ఆయాసం, మాట తడబాటు, మూత్రం తగ్గడం, చేతులు చల్లబడడం ఉంటే 108కి ఫోన్ చేయాలి. వేలికొనను పది సెకన్లు నొక్కి వదిలితే మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. రోజూ వేసే బీపీ మాత్ర ఆ పూట వేయాలా వద్దా అన్నది డాక్టరునే అడగాలి.

పేద ఇళ్లకు బీపీ మిషన్ ఇప్పించదలచిన దాతలు దానితో ఒక నోటుపుస్తకం కూడా ఇప్పించండి. టైము వేసి రాసిన నాలుగు అంకెలు హైదరాబాదు చేరేసరికి డాక్టరు చేతిలో ఉంటాయి.