కోహీర్ నుంచి ఒక్క రోజు ట్రిప్.. కొండలు దగ్గరే, మరి నేషనల్ పార్క్ ఎక్కడ? వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

ఆదివారం వచ్చిందంటే చాలు.. టిఫిన్ బాక్సులు సర్దుకుని, పిల్లాపాపలతో పచ్చటి చోటుకు వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరాలనుకునే కుటుంబాలు కోహీర్, జహీరాబాద్ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. మరి కొండల మధ్య నేషనల్ పార్క్ దగ్గర్లో ఏదైనా ఉందా? లేదనే చెప్పాలి. తెలంగాణలో ఉన్నవి మూడే: కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. ఈ మూడూ హైదరాబాద్‌లో, దాని చుట్టుపక్కలే ఉన్నాయి. కొండల్లోని పార్క్ కావాలంటే ఏపీలోని పాపికొండలు, లేదంటే శేషాచలం అడవుల్లోని శ్రీ వెంకటేశ్వర పార్క్ దాకా పోవాలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం కాదది.

అలాగని నిరాశ పడక్కర్లేదు. కొండ, అడవి రెండూ ఉన్న చోట్లు దగ్గర్లోనే ఉన్నాయి.

అటు అనంతగిరి.. ఇటు గొట్టంగుట్ట

మొదటిది వికారాబాద్ జిల్లాలోని అనంతగిరి. హైదరాబాద్ మీదుగా పారే మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. అనంత పద్మనాభస్వామి ఆలయం కూడా ఇక్కడే ఉంది. వికారాబాద్-బీదర్ రైలు మార్గంలోనే కోహీర్ స్టేషన్ ఉంది కాబట్టి కారు లేనివాళ్లు కూడా వెళ్లి రావచ్చు. వికారాబాద్‌లో దిగితే కొండ అక్కడికి దగ్గరే. తిరుగు రైలు టైమ్ మాత్రం ముందే చూసుకోవాలి.

రెండోది కర్ణాటక సరిహద్దు దాటగానే వచ్చే గొట్టంగుట్ట, చంద్రంపల్లి డ్యామ్ ప్రాంతం. ఇది కలబురగి జిల్లాలోని చించోళి అభయారణ్యంలోకి వస్తుంది. 2011లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. అడవి లోపల లంబాడా తండాలు కూడా ఉన్నాయి.

పేరు మారితే రూల్ మారుతుంది

చూడ్డానికి అంతా అడవే. కానీ చట్టం దృష్టిలో అన్నీ ఒకటి కాదు. అనంతగిరి రిజర్వ్ ఫారెస్ట్, చించోళి అభయారణ్యం. ఈ రెండింటికంటే గట్టి రక్షణ ఉండేది నేషనల్ పార్క్‌కు. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం నేషనల్ పార్క్‌లో పశువులను మేపడానికి వీల్లేదు. అభయారణ్యంలో మాత్రం అధికారుల నియంత్రణలో మేతకు వీలుంటుంది.

ఈ తేడా అడవి భవిష్యత్తునే నిర్ణయిస్తుంది. అభయారణ్యం, నేషనల్ పార్క్ హద్దులు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫార్సు కావాలి. రిజర్వ్ ఫారెస్ట్‌కు ఆ అడ్డుగోడ లేదు. కేంద్రం అటవీ అనుమతి ఇస్తే ఆ భూమిని వేరే పనికి వాడుకోవచ్చు. ఇదే వికారాబాద్ జిల్లా దామగుండంలో సుమారు 2,900 ఎకరాల అడవిని నేవీ వీఎల్‌ఎఫ్ ట్రాన్స్‌మిటింగ్ స్టేషన్‌కు ఇచ్చారు. మూసీ పుట్టే చోట చెట్లు పోతే ఎలా అంటూ పర్యావరణవేత్తలు అభ్యంతరం చెప్పినా, 2024 అక్టోబర్‌లో దానికి శంకుస్థాపన జరిగింది.

వనభోజనాలకు వెళ్తున్నారా?

కార్తీక మాసంలో అడవికి వెళ్లి పొయ్యి పెట్టి వండుకోవడం మనకు అలవాటే. కానీ అభయారణ్యంలో నిప్పు పెట్టినా, మండుతున్న నిప్పును వదిలేసి వచ్చినా నేరమే. వర్షాలు తగ్గాక గడ్డి ఎండడం మొదలవుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఒక్క బీడీ ముక్క చాలు, గుట్టంతా తగలబడటానికి. అందుకే ఇంట్లోనే వండి తీసుకెళ్లడం మేలు.

డ్యామ్ దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. నీళ్లు నిలకడగా కనిపించినా అడుగున బురద ఎంతుందో, రాయి ఎక్కడుందో తెలియదు. ఈత వచ్చిన పెద్దవాళ్లు కూడా దిగకపోవడమే మంచిది. పిల్లలను ఒడ్డున ఒంటరిగా వదలొద్దు.

కోతులకు అరటిపండో, బిస్కెట్లో పెడితే సరదాగానే ఉంటుంది. కానీ తిండి దొరుకుతుందని అవి రోడ్డెక్కుతాయి, వాహనాల కింద పడతాయి. తిండి వాసన ఉన్న ప్లాస్టిక్ కవర్‌ను జంతువులు మింగేస్తాయి. తెచ్చిన కవర్‌ను తిరిగి ఇంటికే తీసుకెళ్లాలి.

చించోళి వెళ్లేవాళ్లు లోపలికి అనుమతి ఉందో లేదో అక్కడి అటవీ సిబ్బందిని అడిగాకే ముందుకెళ్లాలి. ఎక్కడికెళ్లినా చీకటి పడకముందే అడవి దాటేయాలి. చలికాలమైతే పిల్లలకు స్వెటర్లు మర్చిపోవద్దు. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతల జాబితాలో కోహీర్ పేరు తరచూ వినిపిస్తుందన్న సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు కదా!