పిన్నల మాటకు గల విలువ: ధర్మశాస్త్ర దృష్టిలో ఒక పరిశీలన

ఒకనాడు దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి ఒక పానీయం తెచ్చారు. ఆయన కొంత సేవించారు. కుడిప్రక్కన ఒక పిల్లవాడు, ఎడమప్రక్కన వయసు మళ్ళిన పెద్దలు కూర్చుని ఉన్నారు. కుడివైపు వారికే ముందుగా అందించడం మర్యాద. ఐనా పెద్దల గౌరవార్థం, ముందు వారికి ఇవ్వడానికి అనుమతిస్తావా అని ప్రవక్త (స) ఆ పిల్లవాణ్ణి అడిగారు. తమ నుండి తనకు లభించే భాగాన్ని మరెవ్వరికీ వదులుకోనని ఆ బాలుడు జవాబిచ్చాడు. ప్రవక్త (స) ఆ పాత్రను అతని చేతికే అందించారు. సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ కలదు.

ఈ చిన్న సంఘటనలో మూడు సంగతులు ఇమిడి ఉన్నాయి. మొదటిది, పిల్లవానికి ఒక హక్కు ఉందని గుర్తించడం. రెండవది, ఆ హక్కును ప్రక్కకు పెట్టవలసి వస్తే అతణ్ణే అడగడం. మూడవది, అతడు కాదన్నప్పుడు ఆ మాటను చెల్లనివ్వడం. మొదటి రెండూ చాలా ఇండ్లలో కనిపిస్తాయి. మూడవది అరుదు.

బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్య సమితి 1989 నవంబరు 20న ఆమోదించింది. భారతదేశం అందులో 1992లో చేరింది. పిల్లలకు సంబంధించిన ప్రతి విషయంలోనూ, అభిప్రాయం ఏర్పరచుకోగల పిల్లల మాట వినాలనీ, వారి వయస్సునూ పరిణతినీ బట్టి ఆ మాటకు తగిన విలువ ఇవ్వాలనీ అందులోని 12వ అధికరణం చెబుతున్నది. ఈ సూత్రం విన్నప్పుడు ముస్లిం సమాజంలో రెండు విధాలైన స్పందనలు కనిపిస్తాయి. పిల్లలను పెద్దలకు ఎదురు తిప్పే పరాయి భావమని కొందరు తోసిపుచ్చుతారు. ఇదంతా మన ధర్మంలో ఎప్పటినుండో ఉన్నదేనని మరికొందరు తృప్తిపడి ఊరుకుంటారు. ఫిఖ్హ్ గ్రంథాలు ఈ విషయంలో నిజంగా ఏమి చెప్పాయో, అందులో ఎంతవరకు ఆచరణలో ఉన్నదో చూసినట్లయితే ఈ రెండు వైఖరులూ నిలువవు.

ఆదర్శాలు

హజ్రత్ ఇబ్రాహీం (అ) తన కుమారుణ్ణి బలి ఇస్తున్నట్లు కల గన్నారు. ప్రవక్తల కల దైవాజ్ఞతో సమానం. ఐనప్పటికీ ఆయన ఆ సంగతి కుమారునికి చెప్పి, నీ అభిప్రాయమేమిటని అడిగినట్లు దివ్య ఖుర్ఆన్‌లోని అస్సాఫ్ఫాత్ సూరా తెలుపుతున్నది. కుమారుడు అంగీకరించిన తర్వాతనే వారిద్దరూ ముందుకు సాగారు. ఆజ్ఞ స్పష్టంగా ఉన్నచోట కూడా బిడ్డను అడగడం తండ్రి ధర్మమైనప్పుడు, చదువు, వృత్తి, వివాహం వంటి విషయాలలో అడగకపోవడానికి సాకు ఉండదు.

మరొక హదీసును గమనించాలి. ఆకులు రాలని ఒక చెట్టు విశ్వాసిని పోలి ఉంటుందనీ, అది ఏదో చెప్పమనీ ప్రవక్త (స) తన సహచరులను అడిగారు. అది ఖర్జూరపు చెట్టని అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కు స్ఫురించింది. కాని ఆయన అక్కడివారిలో పిన్నవాడు. అబూబక్ర్ (రజి), ఉమర్ (రజి) వంటి పెద్దలే మౌనంగా ఉండగా తాను మాట్లాడడం బాగుండదని సిగ్గుపడి ఊరుకున్నారు. తర్వాత తండ్రితో ఆ సంగతి చెప్పగా, నీవు చెప్పి ఉంటే నాకు ఎంతో సంతోషంగా ఉండేదని హజ్రత్ ఉమర్ (రజి) అన్నారు. పెద్దల ఎదుట అణకువ మంచి గుణమే. కాని ఆ అణకువ వల్ల సభకు ఒక సరియైన జవాబు దక్కకుండా పోయిందని గుర్తించినవాడు ఇక్కడ స్వయంగా తండ్రే.

ఆ ఉమర్ (రజి)యే ఖలీఫా అయిన పిదప, బద్ర్ వీరులతో కూడిన తన సభలో యువకుడైన ఇబ్నె అబ్బాస్ (రజి)కు స్థానమిచ్చారు. మాకూ ఇతని వయసు కుమారులున్నారు కదా అని కొందరు పెద్దలు ఆక్షేపించగా, అన్నస్ర్ సూరా భావాన్ని ఆయన చేతనే చెప్పించి, ఆ స్థానం ఎందుకిచ్చారో నిరూపించారు. బైతుల్‌మాల్ నుండి పిల్లలకిచ్చే భృతిని మొదట పాలు మానిన తర్వాతనే మంజూరు చేసేవారు. ఒక రాత్రి ఒక పసిబిడ్డ ఎడతెగని ఏడుపు విని ఉమర్ (రజి) విచారించగా, భృతి కోసమే తల్లి త్వరగా పాలు మాన్పిస్తున్నదని తెలిసింది. అప్పటినుండి పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి ఇవ్వాలని ఆదేశించినట్లు చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. మాటలు రాని బిడ్డ రోదనమే ప్రభుత్వ నియమాన్ని మార్చింది.

వయస్సు, వివేకం

బాల్యమంతా ఒకే దశ కాదని ఫుఖహాలు గుర్తించారు. సుమారు ఏడేండ్ల వరకు పిల్లవాడు వివేచన లేనివాడు. అతని మాటకు వ్యవహారంలో విలువ లేదు. ఏడేండ్ల నుండి యుక్తవయస్సు వరకు అతడు ‘ముమయ్యిజ్’, అనగా మంచి చెడ్డలను, లాభనష్టాలను కొంతవరకు గుర్తించగలవాడు. అటు తర్వాత ‘బులూగ్’, అనగా యుక్తవయస్సు. చివరిది ‘రుష్ద్’, అనగా ఆస్తిని చక్కగా నిర్వహించుకోగల పరిణతి.

ముమయ్యిజ్ బాలుని వ్యవహారాలను హనఫీ పండితులు మూడుగా విభజించారు. కానుకను స్వీకరించడం వంటి కేవలం లాభకరమైన పని సంరక్షకుని అనుమతి లేకున్నా చెల్లుతుంది. తన సొమ్మును దానమివ్వడం వంటి కేవలం నష్టకరమైన పని, సంరక్షకుడు ఒప్పుకున్నా చెల్లదు. క్రయవిక్రయాల వంటి, లాభనష్టాలు రెండింటికీ అవకాశమున్న పని సంరక్షకుని అనుమతిపై ఆధారపడి ఉంటుంది. ఉస్మానీ ప్రభుత్వం పందొమ్మిదవ శతాబ్దిలో క్రోడీకరించిన ‘మజల్లా’లోనూ ఇదే నియమం చేరింది. ఈ విభజన వెనుక ఉన్న ఆలోచన స్పష్టం: బిడ్డ మాటను నష్టం కలిగేచోట అడ్డుకోవాలి, మేలు కలిగేచోట చెల్లనివ్వాలి.

యుక్తవయస్సు శారీరక చిహ్నాలతో నిర్ణయమవుతుంది. అవి కనిపించనప్పుడు పదిహేనేండ్లు అని అధిక సంఖ్యాక పండితుల అభిప్రాయం. ఇబ్నె ఉమర్ (రజి)ని పదునాలుగేండ్ల వయసులో ఉహద్ యుద్ధానికి అనుమతించక, పదిహేనేండ్ల వయసులో ఖందక్ యుద్ధానికి అనుమతించడం వారికి ఆధారం. ఇమాం అబూ హనీఫా (రహ్మ) అబ్బాయికి పద్దెనిమిది, అమ్మాయికి పదిహేడు ఏండ్లని నిర్ణయించారు. వయస్సు విషయంలో భిన్నాభిప్రాయాలకు తొలినుండీ చోటు ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

తల్లిదండ్రుల నడుమ బిడ్డ

ఒక స్త్రీ ప్రవక్త (స) వద్దకు వచ్చి, విడిచిపెట్టిన భర్త తన కుమారుణ్ణి తీసుకుపోదలుస్తున్నాడనీ, ఆ బిడ్డ తనకు బావి నుండి నీళ్ళు తెచ్చిపెట్టే ఆధారమనీ మొరపెట్టుకున్నది. ప్రవక్త (స) ఆ పిల్లవానితో, వీరు నీ తండ్రి, వీరు నీ తల్లి, ఇష్టమైనవారి చేయి పట్టుకొమ్మన్నారు. అతడు తల్లి చేయి పట్టుకున్నాడు. ఆమె అతణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. ఇది అబూదావూద్ గ్రంథంలో ఉంది.

ఈ హదీసును పండితులు వేర్వేరు విధాలుగా అన్వయించారు. షాఫయీలు వివేచన వచ్చిన బాలబాలికలు ఇరువురికీ ఎంపిక హక్కు ఇచ్చారు. హంబలీలు ఏడేండ్ల బాలునికి ఇచ్చారు. హనఫీలు ఎంపిక హక్కు ఇవ్వలేదు. అబ్బాయి ఏడేండ్ల వరకు తల్లివద్ద ఉండి, పిదప తండ్రి పోషణలోకి రావాలన్నారు. తనను ఆటలకు వదిలేవారినే పిల్లవాడు కోరుకుంటాడని వారి వాదం. ఆ వాదంలో అనుభవజ్ఞానం లేకపోలేదు. ఆంధ్ర, తెలంగాణ ముస్లింలలో అధికులు హనఫీలు. హైదరాబాదులోని బార్కస్ వంటి చోట్ల హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బు సంతతివారు షాఫయీలు. కనుక ఒకే నగరంలో రెండు అభిప్రాయాలూ బ్రతికి ఉన్నాయి. భారతీయ న్యాయస్థానాలు అనుసరించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, తెలివిగా ఇష్టాన్ని తెలుపగల వయస్సు బిడ్డకు ఉన్నట్లయితే ఆ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చునని చెబుతున్నది. బిడ్డ మాట వినడం ఒకటి, తీర్పు భారమంతా బిడ్డపై మోపడం మరొకటి. చట్టం మొదటిదానికే చోటిచ్చింది.

నికాహ్: మౌనం, నిరాకరణ

పిన్నల మాట అన్నింటికంటె ఎక్కువగా అణగిపోయేది వివాహంలోనే. ఒక యువతి ప్రవక్త (స) గృహానికి వచ్చి, తన హోదా పెంచుకోవడానికి తండ్రి తన అన్నదమ్ముని కొడుకుకు తనను కట్టబెట్టాడని చెప్పింది. ప్రవక్త (స) ఆమె తండ్రిని పిలిపించి, నిర్ణయాన్ని ఆమె చేతికే అప్పగించారు. అప్పుడామె, తండ్రి చేసినదానికి తాను ఒప్పుకుంటున్నాననీ, ఐతే ఈ విషయంలో స్త్రీలకు అధికారమున్నదా అని తెలియడానికే అడిగాననీ పలికింది. నసాయీ గ్రంథంలోని ఈ హదీసులో ఆమె కోరినది విడుదల కాదు, తన మాటకు విలువ.

కన్య మౌనం అంగీకారమని హదీసులో ఉన్నమాట నిజం. సిగ్గరియైన పిల్లకు కష్టం కలుగరాదనే ఆ సౌలభ్యం. కాని హనఫీ గ్రంథాలు దానికి కట్టుదిట్టమైన షరతులు పెట్టాయి. అడిగేవాడు వలీ గాని, అతని దూత గాని కావాలి. ఇతరులు అడిగితే మౌనం చాలదు, నోట చెప్పాలి. వరుడెవరో ఆమె గుర్తించగలిగేటట్లు పేరు చెప్పాలి. ఎగతాళిగా నవ్వడం అంగీకారం కాదు. మన ప్రాంతాలలో వకీలు, సాక్షులు గది వాకిట నిలిచి అడుగగా, చుట్టూ ఉన్న బంధువులే ‘ఖుబూల్’ అని కేకవేసి ముగించే సందర్భాలు ఉన్నాయి. అది ఆ షరతులలో దేనికీ సరిపోదు.

చిన్నతనంలో చేసిన వివాహం విషయంలో ‘ఖియారుల్ బులూగ్’ అనే హక్కు కలదు. తండ్రి, తాత కాక ఇతర సంరక్షకులు చేసిన వివాహాన్ని యుక్తవయస్సు రాగానే నిరాకరించవచ్చునని హనఫీ న్యాయం. ఐతే వివాహ సంగతి తెలిసిన కన్య ఆ క్షణంలో మౌనం వహించినా హక్కు పోతుంది. హక్కు ఉన్నట్లు తెలియదన్న కారణం చెల్లదు. భారతదేశంలో 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఈ హక్కును విస్తరింపజేసింది. పదిహేనేండ్లు నిండకముందు తండ్రి చేసిన వివాహమైనా సరే, కాపురం జరగకపోతే, పద్దెనిమిదేండ్లు నిండేలోగా ఆమె నిరాకరించి కోర్టు ద్వారా రద్దు కోరవచ్చు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం అబ్బాయిలకూ అమ్మాయిలకూ, మేజరైన తర్వాత రెండేండ్ల లోగా అట్టి వివాహాన్ని రద్దు చేయించుకునే వీలు కల్పించింది. ఆ చట్టానికీ వ్యక్తిగత న్యాయానికీ గల సంబంధంపై హైకోర్టులు భిన్న తీర్పులు ఇచ్చాయి. ఏది ఏమైనా, హక్కు ఉన్నట్లు ఆ బాలికకు ఎవరూ చెప్పకపోతే, గడువు ఎంత ఉన్నా నిష్ప్రయోజనమే.

యతీముల ఆస్తి

అన్నిసా సూరా యతీముల సొమ్మును గురించి చాలా వివరంగా ఆదేశించింది. వివాహ వయస్సు వచ్చేవరకు వారిని పరీక్షించాలనీ, పరిణతి కనిపించినపుడు ఆస్తిని అప్పగించాలనీ, పెరిగి పెద్దవారై అడుగుతారనే తొందరతో తినివేయరాదనీ, అప్పగించేటపుడు సాక్షులను ఉంచాలనీ తెలిపింది. పరీక్షించడమంటే చిన్నచిన్న వ్యవహారాలు పిల్లల చేతికిచ్చి, వారు ఎట్లు నడుపుతారో చూడడమని ఫుఖహాలు వివరించారు. అనగా మాట్లాడే, లెక్కచూసే, తప్పుచేసి దిద్దుకునే అవకాశం ముందు నుండే ఇవ్వాలి.

ఆస్తికి చట్టసమ్మతమైన సంరక్షకులు తండ్రి, తండ్రి నియమించిన వసీ, తాత, తాత నియమించిన వసీ. వీరెవరూ లేనప్పుడు ఖాజీ, నేటి వ్యవస్థలో కోర్టు. పినతండ్రి, అన్న, చివరకు తల్లి కూడా కోర్టు నియామకం లేకుండా మైనరు స్థిరాస్తిని అమ్మలేరు. 1918లో ఇమాంబందీ కేసులో జస్టిస్ సయ్యద్ అమీర్ అలీ వెలువరించిన ప్రీవీ కౌన్సిల్ తీర్పు దీనిని స్థిరపరచింది. ఐనా తండ్రి చనిపోయిన ఇంట పెద్దవారు కాగితాలపై సంతకాలు చేసి పిల్లల పొలం అమ్మివేయడం, పెరిగిన పిల్లలు అడిగితే పెంచి పెద్దచేసినందుకు కృతజ్ఞత లేదని నిందించడం లోకంలో కద్దు. అడగడం ఇక్కడ అవిధేయత కాదు. అడుగుతారని ముందే ఎరిగి, తినవద్దని ఖుర్ఆన్ హెచ్చరించింది.

చేయదగిన పనులు

పై విషయాలను బట్టి చూస్తే, ఫిఖ్హ్‌లో పిన్నల మాటకు స్థానం ఉన్నది. అది దశలవారీగా, రక్షణతో ముడిపడి ఉన్నది. కొన్నిచోట్ల, ముఖ్యంగా ఖియారుల్ బులూగ్ విషయంలో, ప్రాచీన నియమం ఇరుకైనది గనుకనే చట్టం ద్వారా దానిని విస్తరించవలసి వచ్చింది. ఈ సంగతి ఒప్పుకోవడంలో ధర్మానికి లోటు లేదు.

ఆచరణలో చేయదగినవి కొన్ని ఉన్నాయి. నికాహ్ జరిపించేవారు వధువు వయస్సు ఋజువును చూడాలి, ఆమె సమాధానాన్ని ఆమె నోటనే వినాలి. మరణించినవారి ఇంట మైనరు పిల్లలుంటే, వారి వాటా ఎంతో జమాఅత్ పెద్దలు సాక్షుల సమక్షంలో వ్రాయించి ఉంచాలి. మదరసాలలో పై తరగతుల విద్యార్థులకు వారసత్వ నియమాలతోపాటు ఖియారుల్ బులూగ్, సంరక్షకత్వ ప్రకరణాలను మాతృభాషలో బోధించాలి. ఆ ప్రకరణాలు అరబీలో కంఠస్థం చేసి, తన చెల్లెలికి అవి వర్తిస్తాయని గ్రహించని విద్యార్థికి ఆ చదువు ఫలించలేదనే చెప్పాలి. ఇంటిలో తల్లిదండ్రులు చేయవలసినది ఇంతకంటె సులభం, ఇంతకంటె కష్టం: పిల్లలను అడగడం, వారు కాదన్నప్పుడు కోపగించక కారణం వినడం. ప్రవక్త (స) సభలో ఆ పాత్ర చివరకు ఎవరి చేతికి చేరిందో గుర్తుంచుకుంటే చాలు.